విమానాల తోకలు చదివే వెండెల్

డెన్నింగ్‌లో కోచ్‌ని తీసేసిన వారం చావు జరిగిన ఇంట్లో వారంలా ఉంటుంది. ఎవరూ పొయ్యి మీద మనసు పెట్టి వండరు, ఎవరికీ పనిలో చెయ్యి ఆడదు, ఇద్దరు కలిస్తే గొంతు తగ్గించి అదే మాట. తేడా ఒక్కటే, పోయినవాడి గురించి ఒక్క మంచి ముక్క వినిపించదు.

ఆ ఏడూ అంతే. నవంబరు ఆఖరి శనివారం కాలేజీ జట్టు సొంత మైదానంలో, సొంత జనం ముందు, వానలో నానుతూ ఓడిపోయింది. మర్నాడు చర్చిలో పాస్టరు ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకోమంటే వెనక వరసల వాళ్ళు మూసుకోలేదు, ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమెన్ అనేసరికి కోచ్ ఉద్యోగం పోయిన సంగతి పాస్టరుకి తప్ప అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా ఎవరో ఆ కోచ్ ఇంటి ముందు పచ్చికలో ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని బోర్డు పాతారు. ఆయన పాతలేదు. అది అక్కడి ఆచారం.

అలబామాలో టోంబిగ్బీ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆధారాలు రెండే. ఒకటి కాగితం మిల్లు, రెండోది బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్. మిల్లు తిండి పెట్టేది, జట్టు ఆ తిండి సహించనిచ్చేది కాదు. జట్టు పేరు మడ్‌క్యాట్స్, నది అడుగున బురదలో తిరిగే మీసాల చేప పేరు. ఇలాంటి చేపని ఇంటిపేరులా మోసే జనం లోకంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో గానీ, దాని కోసం కొట్టుకునే జనం మాత్రం ఇక్కడే ఉన్నారు.

వెండెల్ ఓడమ్ ఈ రెండింటి మధ్యా పుట్టి పెరిగినవాడు. తండ్రి మిల్లులో ఒకటో మెషీన్ మీద పనిచేసి, శనివారాలు మైదానంలో తూర్పు మెట్ల మీద కూర్చుని, చివరికి ఆ మెట్ల మీదే గుండె ఆగి పోయాడు. అప్పటికి జట్టు గెలుస్తోందని చెప్పుకుని ఇంట్లోవాళ్ళు ఊరడిల్లారు. ఆ సీటు కొడుక్కి వచ్చింది. డెన్నింగ్‌లో ఇల్లూ వాకిలీ ఎవరికని రాయకుండా పోయినా సర్దుకుంటారు గానీ, సీటు ఎవరికో తేల్చకుండా పోతే అన్నదమ్ములు మాటలు మానేస్తారు.

నిజానికి చిన్నప్పుడు వెండెల్‌కి మోజు మిల్లు మీదా కాదు, జట్టు మీదా కాదు, ఆకాశం మీద. పత్తి చేలకి మందు చల్లే విమానాలు దిగే చిన్న విమానాశ్రయం ఊరి చివర ఉంది. బడి ఎగ్గొట్టి ఆ కంచె పట్టుకుని నిలబడేవాడు. పద్దెనిమిదేళ్ళు నిండగానే తండ్రి చెయ్యి పట్టుకుని మిల్లు గేటు లోపలికి తీసుకుపోయాడు. చెయ్యి వదిలేసరికి ముప్ఫై ఏళ్ళు దాటిపోయాయి. ఆకాశం ఒక పాత బైనాక్యులర్స్‌గా మిగిలింది. ఊళ్ళో దిగే ప్రతి విమానాన్నీ తోక మీది నంబరుతో సహా గుర్తుపట్టడం ఒక్కటే అతను సొంతంగా నేర్చుకున్న విద్య. దాని వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టమూ లేదు అనుకునేవాళ్ళు, ఆ కోడిమాంసం కంపెనీ ఆసామి విమానం వెళ్ళొచ్చేదాకా.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడూ ఇలాగే కోచ్ పదవి ఖాళీ అయింది. కాలేజీకి దండిగా విరాళాలిచ్చే ఆ ఆసామి విమానం ఒక మంగళవారం కెంటకీ వెళ్ళి ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చింది. వెండెల్ నంబరు చూశాడు, ఎక్కడికెళ్ళిందో ఆరా తీశాడు, ఆ ఊళ్ళో పనిచేసే కోచ్ పేరు పట్టుకుని వెల్మా దుకాణంలో చెప్పాడు. మర్నాడు పేపర్లో అదే పేరు వచ్చింది. రేడియోవాళ్ళు ఫోన్ చేశారు. మిల్లు మేనేజర్ లాథమ్ భుజం తట్టాడు. అప్పట్నుంచీ కోచ్ పదవి ఖాళీ అయితే ఊరు ఊరంతా మడత కుర్చీలు తెచ్చుకుని విమానాశ్రయం కంచె దగ్గర కూర్చోవడం, ఎవరు దిగుతారో చూడడం, వెండెల్ ఏమంటాడో వినడం అలవాటైపోయింది.

రాబోయేవాణ్ణి ఆకాశంలో వెతుక్కోవడం ఈ ఊరు కనిపెట్టిన సంగతి కాదు. రోము నగరంలో అధికారం ఒకరికి అప్పగించే ముందు పక్షులు ఏ పక్కనుంచి ఎగిరాయో చూసేవారట. పారశీకంలో పొద్దున్నే ఎవరి గుర్రం ముందు సకిలిస్తే వాడే రాజన్నారట. దసరానాడు పాలపిట్ట కోసం ఊరి బయటికి నడిచే మనకి ఇందులో వింతేమీ లేదు. పక్షుల్ని చదివేవాళ్ళ చిక్కు అన్ని దేశాల్లోనూ ఒకటే. పక్షి రావడం నిజమే. ఎవరి పని మీద వచ్చిందో మాత్రం అది చెప్పదు.

ఆ వారం వెండెల్ తేల్చుకోవలసినది ఇంకొకటి ఉంది. జార్జియాలో సముద్రం పక్కన ఉన్న మరో కాగితం మిల్లులో హార్లెస్ అనే ఫోర్‌మన్ ఉన్నాడు. ఒకప్పుడు డెన్నింగ్‌లో వెండెల్‌తో కలిసి పనిచేసినవాడు. మెషీన్ నడిపే మనిషి ఒకడు కావాలి, నువ్వు వస్తావా అని అడిగాడు. పెద్ద మిల్లు, నిండా పని. గురువారం మధ్యాహ్నంలోగా అవునో కాదో చెప్పాలి, ఆ తర్వాత వేరేవాణ్ణి పెట్టుకుంటాను అన్నాడు. వెళ్తే డెన్నింగ్ వదలాలి. వెళ్ళకపోతే ఈ మిల్లునే నమ్ముకోవాలి. ఈ మిల్లు రెండేళ్ళ కిందట చేతులు మారింది. కిందటి వేసవి నుంచి రెండో మెషీన్ ఆగి ఉంది. గేటు బయట దుంగల లారీలు బారులు తీరే చోట ఇప్పుడు పావురాలు వాలుతున్నాయి.

భార్య నెట్టీ వెళ్దామంది. వెండెల్ చూద్దామన్నాడు.

వెల్మా దుకాణంలో వానపాములు, చేపపిల్లలు, గాలాలు అమ్ముతారు. కౌంటరు ఆ చివర రొట్టెల్లాంటి మెత్తటి బిస్కెట్లు, వాటి మీద పోసే గ్రేవీ, కాఫీ. రెండింటి వాసనా కలిసిపోయి ఉంటుంది, అలవాటైనవాళ్ళకి అది ఆకలి పుట్టిస్తుంది. బుధవారం పొద్దున వెండెల్ వెళ్ళేసరికి వాదన అప్పటికే రాజుకుంది.

“కోచ్‌గా ఫెరాంటే వద్దు,” అంటున్నాడు కర్టిస్ టిడ్‌మోర్. మిల్లులో వెండెల్‌తో పాటు ఒకే షిఫ్టు, చిన్నప్పుడు ఒకే బెంచీ. “ఒహాయో మనిషి. మొక్కజొన్న జావ, మన గ్రిట్స్‌లో ఉప్పు మానేసి పంచదార పోసుకు తినే రకం. వాడు మన కుర్రాళ్ళకేం చెప్తాడు?”

“నీకు కోచ్ కావాలా, వంటమనిషి కావాలా?” అన్నారు ఐజయా మాస్టారు. ఊళ్ళో సగం మందికి బ్యాండు నేర్పి రిటైరైన నల్లజాతి పెద్దాయన. కర్టిస్‌కీ నేర్పబోయి వదిలేశారు.

“మాస్టారూ, మీరు పంచదార పోసుకున్నా నేనేమీ అనుకోను. మీరు గెలిపించక్కర్లేదు.”

“టెక్సస్ హాలోవేని తెచ్చుకోండి మరి,” అంది వెల్మా, గ్రేవీ గరిట ఆడిస్తూ. “మనిషి చూడ్డానికి బావుంటాడు.”

“హాలోవే ఎక్కడా మూడేళ్ళకి మించి ఉండడు. సామాన్లు పెట్టెల్లోంచి తియ్యడు కూడా.”

“మూడేళ్ళు గెలిపిస్తే చాలు నాయనా. ఆ తర్వాత నేను మాత్రం ఉంటానా?”

“మన లిటిల్ జో ఉన్నాడుగా,” అన్నారు మాస్టారు. “ఇక్కడే ఆడాడు. ఇక్కడే పెరిగాడు. వాళ్ళమ్మ నాకు తెలుసు, ఉక్కులాంటి మనిషి.”

“వాళ్ళమ్మ కోచ్‌గా వస్తానంటే ఇప్పుడే సంతకం పెడతా,” అన్నాడు కర్టిస్. “వాడితోనే వచ్చింది చిక్కు.” అని తలుపు వైపు తిరిగాడు. “అదుగో, వచ్చాడు. ఒరేయ్ వెండెల్, మేము ఇక్కడ గొంతులు చించుకుంటున్నాం. ఎవరో చెప్పి పుణ్యం కట్టుకో.”

గరిట ఆగింది. వెండెల్ టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. ఇంట్లో అతని మాటకి ఎవరూ ఇంతలా చెవులు రిక్కించరు. మిల్లులో అసలు వినపడదు, ఆ మోతలో.

“తెల్ల విమానం, నీలం చార,” అన్నాడు. “పోయిన నెల్లో రెండుసార్లు దిగింది. అప్పటికింకా పాతాయన్ని తియ్యలేదు కూడా. ఊళ్ళో ఎవరిదీ కాదు. సొంతదారు ఏదో ఊరూ పేరూ లేని కంపెనీ. రెండుసార్లూ ఒహాయో నుంచే లేచింది.”

“ఒహాయో,” అన్నాడు కర్టిస్ నీరసంగా.

“రేపు మధ్యాహ్నానికి మళ్ళీ వస్తోంది. విమానాశ్రయం షెడ్డువాళ్ళకి కబురొచ్చింది.”

“అయితే ఫెరాంటేనే. పంచదార మనిషే.”

“కాలేజీవాళ్ళు నిన్న రేడియోలో ఎవరితోనూ మాట్లాడట్లేదన్నారు కదా?” అంది వెల్మా.

“అదేగా రుజువు,” అన్నాడు వెండెల్. “మాట్లాడకపోతే మాట్లాడట్లేదని ఎందుకు చెప్తారు?”

కర్టిస్ కాఫీ కలుపుకుంటూ, ఒహాయోలో కూడా మంచివాళ్ళు ఉండొచ్చన్నాడు. అతని మేనత్త ఒకావిడ అక్కడే పోయిందట.

నెట్టీ స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని వచ్చి, మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళే మొగుడికి రాత్రి తిండి కట్టిస్తుంది. ఆవేళ రొట్టెకి ఎర్ర మిరప ముక్కలు కలిపిన పిమెంటో జున్ను రాస్తూ అడిగింది.

“రెండో మెషీన్ ఎప్పుడు తిప్పుతామన్నారు?”

“కొత్త సంవత్సరం తర్వాత.”

“ఏ కొత్త సంవత్సరం?”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“హార్లెస్‌కి రేపటిలోగా చెప్పాలి, వెండెల్.”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పొచ్చుగా.”

“ఈ వారం కాదు నెట్టీ. రేపు విమానం వస్తోంది. ఊరంతా అక్కడుంటుంది. లాథమ్ కూడా మొన్న మీటింగులో చెప్పాడు, మిల్లుకేం ఢోకా లేదని.”

“కాలేజీవాళ్ళు లేదంటే ఉందంటావు. లాథమ్ లేదంటే లేదంటావు.” ఆమె కత్తి పక్కన పెట్టింది. “ఆ విమానం ఎక్కణ్ణించి వస్తోందన్నావ్?”

“ఒహాయో.”

“మిల్లు కొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు?”

వెండెల్ ఫ్రిజ్ తలుపు తీసి చాలాసేపు లోపలికి చూశాడు. అతనికి ఆ సంగతి తట్టలేదని కాదు. తట్టిన మాట వేరు, చేత్తో పట్టుకున్న మాట వేరు.

“నెట్టీ, వాళ్ళు పిసినారి ముండావాళ్ళు. క్రిస్మస్‌కి మనిషికో పంది తొడ ఇచ్చే ఆనవాయితీ ఎత్తేశారు. చేతి తొడుగులు చిరిగితే కుట్టుకోమన్నారు. అలాంటివాళ్ళు సొంత విమానం ఎక్కుతారా? వాళ్ళొస్తే అద్దె కారులో వస్తారు, పెట్రోలు కూడా మన చేత పోయిస్తారు.”

ఆ మాటలో పస ఉంది. పస ఉన్న మాటలే మనిషిని ముంచుతాయి. తప్పని తెలిసిపోయే మాటని ఎవడూ పట్టుకుని వేలాడడు. నెట్టీ రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కింది.

ఆవేళ మిల్లులో గాలి తేడాగా ఉంది. కాగితం మిల్లు వాసన కుళ్ళిన క్యాబేజీలా ఉంటుందని బయటివాళ్ళు ముక్కు మూసుకుంటారు. డెన్నింగ్‌వాళ్ళకి అది వాసన కాదు, వాతావరణం. ఎండ, వాన, చలి, మిల్లు. అలాంటిది ఆవేళ గేటు దాకా వచ్చినా వెండెల్ ముక్కుకి ఏమీ తగల్లేదు. జలుబు చేసిందేమో అనుకున్నాడు. లోపల రెండో మెషీన్ చుట్టూ, దాని మోటార్లకీ పంపులకీ నిచ్చెనలకీ కూడా పచ్చరంగు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. పొద్దుటి షిఫ్టులో ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి అంటించి వెళ్ళారట.

“ఏంటివి?” అన్నాడు.

“బీమావాళ్ళంట,” అన్నాడు కర్టిస్. “నా టిఫిన్ డబ్బా ఇక్కడుంటే దానికీ అంటించేవాళ్ళే. అది సరేగానీ, ఫెరాంటే జట్టు బంతి ఎక్కువ విసురుతుందా, పట్టుకుని పరుగెత్తుతుందా?”

“విసురుతుంది.”

“వాన పడితే?”

“వాన పడినా విసురుతుంది.”

కర్టిస్ బాధగా తల ఊపాడు. షిఫ్టు పొడుగునా ఒకటో మెషీన్ ఉరుముతుంటే ఇద్దరూ సైగలతో అదే చర్చించుకున్నారు. వెనకాల చీకట్లో రెండో మెషీన్ మీద పచ్చ స్టిక్కర్లు వరసగా మెరుస్తూ ఉన్నాయి, గొడ్ల సంతకి తోలే ముందు చెవులకి కట్టే బిళ్ళల్లా. వెండెల్ అటు వీపు పెట్టి నిలబడ్డాడు.

గురువారం మబ్బు పట్టింది. గాలి నది వైపు నుంచి కొడుతోంది. విమానాశ్రయం కంచె దగ్గర పొద్దున్నే కుర్చీలు పడ్డాయి. వెల్మా ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టిన పల్లీలు బకెట్టుతో తెచ్చింది. పిల్లల్ని బడి మాన్పించి తెచ్చినవాళ్ళున్నారు. ఆ రోజు బస్సు ఖాళీగా తిరిగిందని నెట్టీ తర్వాత చెప్పింది. ఐజయా మాస్టారు కోటు వేసుకుని, చంకలో కార్నెట్ బూర ఉన్న పెట్టె పెట్టుకుని వచ్చారు.

“ఫెరాంటే అయినా సరే, పాట లేకుండా దింపకూడదు,” అన్నారు. “గ్రిట్స్ సంగతి తర్వాత చూసుకుందాం.”

జనం వెండెల్‌కి దారి ఇచ్చారు. కంచె మధ్యలో, గేటుకి ఎదురుగా ఉన్న చోటు అతనిది. ఎవరూ చెప్పలేదు, అక్కడ ఇంకెవరూ నిలబడలేదు, అంతే. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడు. ఉత్తరం వైపు మబ్బులో ఒక చుక్క కనబడ్డ క్షణంలోనే జేబులో ఫోన్ మోగింది.

“వెండెల్, హార్లెస్‌ని. పన్నెండవుతోంది.”

“చెప్పు.”

“నేను చెప్పేదేముంది, నువ్వే చెప్పాలి. ఇంకొకడు ఇక్కడ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. వస్తున్నావా?”

చుక్క రెక్కలు తొడుక్కుంది. వెనక జనం లేచి నిలబడుతున్న చప్పుడు. కర్టిస్ అతని మోచెయ్యి పట్టుకుని ఊపుతూ, “అదేనా? అదేనా రా?” అంటున్నాడు. నీలం చార కనబడింది. తోక మీది నంబరు ఇంకా కనబడలేదు గానీ వెండెల్‌కి అక్కర్లేదు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి తన నోరు చూస్తోంది. తన మాట నిజం కాబోవడం జీవితంలో ఇది రెండోసారి. కొంతమందికి మొదటిసారే రాదు.

“వాడికిచ్చెయ్ హార్లెస్,” అన్నాడు. “ఇక్కడ వదిలి రాలేను. థాంక్స్.”

ఫోన్ జేబులో పడేసి, జనం వైపు తిరక్కుండానే, “అదే,” అన్నాడు.

విమానం దిగింది. రన్‌వే చివరిదాకా వెళ్ళి తిరిగి మెల్లగా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంటుండగా మాస్టారు కార్నెట్ పెదవులకి పెట్టారు. కాలేజీ పాట మొదటి స్వరం గాలిలోకి లేచేసరికి జనమంతా అందుకున్నారు. పెద్దలు టోపీలు తీశారు. ఒకావిడ ఏడ్చింది.

మెట్ల మీద మొదట ఒక బట్టతల మనిషి కనబడ్డాడు. పాట విని, కంచె అవతల జనాన్ని చూసి, కాలు పెట్టిన మెట్టు మీదే ఆగిపోయాడు. తర్వాత మొహమాటంగా చెయ్యి ఊపాడు. కేకలు మిన్నంటాయి. అతని వెనక మరో ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఆవిడ నవ్వుతూ ఫోన్ తీసి జనాన్ని ఫోటో తీసుకుంది.

“ఫెరాంటే ఏడీ? లోపలే ఉన్నాడా?” అన్నాడు కర్టిస్. “వీళ్ళంతా వాడి తాలూకు అసిస్టెంట్లా?”

వెండెల్ బైనాక్యులర్స్‌లోంచి చూస్తున్నాడు. మొహాలు చూడలేదు. మొహాలు ఎవరివైనా కావచ్చు. ఖరీదైన ప్యాంట్ల కింద ఆ నలుగురి కాళ్ళకీ ఉన్నవి ముందు భాగంలో ఇనుప తొడుగు ఉన్న బూట్లు. మిల్లులో అడుగుపెట్టే ప్రతివాడూ వేసుకోవలసినవి. కొత్తవి కావు, గీతలు పడి, అరిగి, ఎన్నో ఊళ్ళ మిల్లులు తొక్కి వచ్చినవి. ఆడమనిషి చంకలో మిల్లులో పెట్టుకునే గట్టి టోపీ ఉంది. బట్టతలాయన చేతి సంచీ జేబులోంచి పచ్చరంగు స్టిక్కర్ల చుట్ట ఒకటి బయటికి వేలాడుతోంది.

షెడ్డు వెనకనుంచి మిల్లు మేనేజర్ లాథమ్ పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. లాథమ్ దిగి, నలుగురికీ చేతులు కలిపి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కబోతూ ఒకసారి కంచె వైపు చూశాడు. వెండెల్ కళ్ళ నుంచి బైనాక్యులర్స్ దించాడు. అంత దూరం నుంచి కూడా ఇద్దరికీ ఒకరి చూపు ఒకరికి అందింది. ముందు తల దించుకున్నవాడు లాథమ్. ట్రక్కు కాలేజీ రోడ్డు వైపు కాక నది వైపు తిరిగింది.

మాస్టారు పాట ఇంకా పూర్తి చెయ్యలేదు. రెండో చరణంలో ఉన్నారు.

“కర్టిస్,” అన్నాడు వెండెల్. “వాళ్ళు ఫుట్‌బాల్ వాళ్ళు కాదు.”

“మరి?”

“మిల్లు వాళ్ళు. కాళ్ళు చూశావా? మన బూట్లు.”

“కోచ్‌లు బూట్లేసుకోరా ఏంటి? బురదగా ఉంది.”

“లాథమ్ వచ్చి తీసుకెళ్ళాడు రా.”

“లాథమ్ కాలేజీకి డబ్బిస్తాడు కాబట్టి వచ్చాడు. కమిటీలో ఉండే ఉంటాడు. గుట్టుగా జరగాలంటే కాలేజీ కారు పంపుతారా? నువ్వే కదరా చెప్పావ్, ఒప్పుకోకపోవడమే రుజువని.”

“నేను తప్పు చెప్పాను.”

కర్టిస్ పెద్దగా నవ్వి చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు. “విన్నారా? వెండెల్ తప్పు చెప్పాట్ట. వీడికి పైనుంచి ఫోనొచ్చింది, నోరు మూసుకోమని. ఇందాక విమానం దిగే ముందు మాట్లాడాడు, నేను చూశాను.”

ఆ మాట కంచె వెంట పల్లీల బకెట్టు కంటే వేగంగా పాకింది. వెండెల్ మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. స్టిక్కర్ల సంగతి చెప్పాడు. ఒహాయోలో ఎవరున్నారో చెప్పాడు. మిల్లు మూసేస్తారు, మనల్ని వీధిన పడేస్తారు అన్నాడు. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాలు మెరిశాయి. ఇంత గట్టిగా కాదంటున్నాడంటే వ్యవహారం ఎంత దూరం వచ్చి ఉండాలి. వెల్మా వచ్చి అతని చెయ్యి నిమిరింది.

“నాకు అర్థమైంది బంగారం. నువ్వు చెప్పకూడదు. మేమేమీ అడగంలే.”

ఐజయా మాస్టారు ఒక్కరే కార్నెట్ దించి, రుమాలుతో మూతి తుడుచుకుని, ట్రక్కు వెళ్ళిన నది రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన కొడుకు కూడా మిల్లులోనే. కార్నెట్‌ని పెట్టెలో పెట్టి, మూత వెయ్యడానికి చాలాసేపు తడుముకున్నారు.

వెండెల్ తన ట్రక్కులో కూర్చుని తలుపు మూసుకుని హార్లెస్‌కి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగింది.

“ఇప్పుడే చెయ్యి కలిపాను వెండెల్,” అన్నాడు హార్లెస్. “కుర్రాడు. ఇద్దరు పిల్లలు. వెనక్కి ఎలా తీసుకోను?”

“తీసుకోకు.”

“ఇంకేదైనా ఖాళీ వస్తే చెప్తా. ఏమైంది, ఇందాకే రానన్నావు?”

“ఏం లేదు. విమానం వచ్చింది.”

“ఎవరు కొత్త కోచ్?” అని అడిగాడు హార్లెస్. అతనూ డెన్నింగ్ మనిషే మరి.

వెండెల్ ఫోన్ పెట్టేశాడు. ఇంటికెళ్ళాడు. నెట్టీ వాకిట్లోనే ఎదురొచ్చింది, అతని మొహం చూసి ఆగిపోయింది. హార్లెస్‌కి ఏం చెప్పావని అడగలేదు. ఎవరు దిగారని అడగలేదు. బస్సు తాళాలు చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. అతను పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద కార్లు హారన్లు కొట్టుకుంటూ, జట్టు జెండాలు కిటికీల్లోంచి ఊపుకుంటూ వెళ్తున్నాయి. దారినపోతూ కొందరు ఓడమ్ గారింటి ముందు ఆగి ప్రత్యేకంగా హారన్ కొట్టారు.

“వాళ్ళకి చెప్పావా?” అంది చివరికి.

“చెప్పాను. నమ్మలేదు.”

“నువ్వు చెప్తే నమ్మని రోజు ఉందా?”

“ఇప్పుడొచ్చింది.”

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి, బడి వదిలే వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

మూడింటికి షిఫ్టు. వెళ్ళకుండా ఉండొచ్చు, ఉండలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ వేళకి కాళ్ళు అటే నడిచాయి. గేటు దగ్గర కాపలావాడు లేచి చెయ్యి కలిపాడు. లోపల హాజరు కార్డు గుద్దే గడియారం ముందు షిఫ్టు మొత్తం గుంపుగా నిలబడి ఉంది, ఎవరూ కార్డు గుద్దడం లేదు. వెనకాల అద్దాల గదిలో లాథమ్, ఆ నలుగురూ బల్ల చుట్టూ ఉన్నారు. అద్దాలకి లోపలినుంచి తెర లాగేశారు. తెర కింద జానెడు సందులోంచి బూట్లు కనబడుతున్నాయి. వాటిని ఎవరూ చూడటం లేదు. అందరూ వెండెల్‌నే చూస్తున్నారు.

“మనలో మాటే,” అన్నాడు కర్టిస్. వేళాకోళం లేదు అందులో. అతనిది కొత్తగా కట్టుకున్న ఇల్లు, ఇంకా రంగులు కూడా పూర్తికాలేదు. “బయట అంతమందిలో చెప్పలేకపోయావు, నాకు తెలుసు. ఇక్కడ మనమే ఉన్నాం. ఎవర్రా?”

వెండెల్ వాళ్ళని ఒక్కొక్కరినీ చూశాడు. తెర వెనక ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. లేచి బయటికి రావడానికి ఇంకా కాసేపు పడుతుంది. ఆ కాసేపు వీళ్ళకి ఇవ్వడం తన చేతిలో ఉంది. ఇంకేదీ లేదు.

“ఫెరాంటే,” అన్నాడు.

గుంపులోంచి ఒక్కసారిగా ఊపిరి బయటపడింది. ఎవరో ఈల వేశారు. వాన పడితే ఏం చేస్తాడని ఒకడు, మొదటి ఏడాది మనమే ఓపిక పట్టాలని ఒకడు. కర్టిస్ వెండెల్ మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, పంచదార అయితే పంచదారే, అలవాటు చేసుకుందాం అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు కార్డులు గుద్ది, ఫెరాంటే జట్టులో బంతి ఎవరు విసరాలో తగువులాడుకుంటూ మెషీన్ల వైపు నడిచారు. వెండెల్ అందరికంటే వెనక నడిచాడు. అద్దాల గది తలుపు గొళ్ళెం తిరిగే చప్పుడు అతనొక్కడికే వినిపించింది.